సీనియర్ ఇచ్చిన ఈమ్యాక్స్ కాన్ఫిగ్ వాడొచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లి పీజీలో ఉంటూ ఉద్యోగం చేస్తున్నాను. ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్ నేర్చుకుందామంటే ఆఫీసులో ఓ సీనియర్ తన కాన్ఫిగ్ (సెట్టింగుల ఫైళ్లు) మొత్తం ఇచ్చారు. తెరవగానే ఎర్రర్లు. కొన్ని ఫైళ్లు తెరిచినప్పుడల్లా లోకల్ వేరియబుల్స్ గురించి ఏదో అడుగుతోంది. ఆశ్చర్యార్థకం కొడితే మళ్లీ అడగదన్నారు. కొట్టేయనా సార్?

జవాబు: కొట్టకండి. ఇదే ప్రశ్న వేర్వేరు మాటల్లో వస్తూనే ఉంది, అందుకే ముందు దీని సంగతి చూద్దాం.

ఫైల్ మొదటి వరసలోనో చివర్లోనో ఎడిటర్ కోసం సెట్టింగులు రాసి ఉండొచ్చు, లోకల్ వేరియబుల్స్ అంటే ఇవే. ట్యాబ్ వెడల్పు లాంటివైతే ఈమ్యాక్స్ అడక్కుండానే ఒప్పుకుంటుంది. అనుమానం వచ్చినవాటిని తెర మీద చూపించి అనుమతి అడుగుతుంది. ‘వై’ కొడితే ఈసారికి సరే. ఆశ్చర్యార్థకం కొడితే ఆ విలువలు ఎప్పటికీ సురక్షితమేనని మీ కాన్ఫిగ్‌లోనే రాసుకుంటుంది. ఆ జాబితాలో ‘ఇవాల్’ కనిపిస్తే దాని పక్కనున్నది సెట్టింగ్ కాదు, ప్రోగ్రామ్. సర్వర్లలోకి వెళ్లేందుకు వాడే మీ ఎస్సెస్‌హెచ్ కీలను చదవగలదు, బయటికి పంపగలదు. ‘ఎన్’ కొట్టండి. ఫైల్ ఎప్పటిలాగే తెరుచుకుంటుంది, ఆ సెట్టింగులు మాత్రం అమలు కావు. ఇంకో పని: అరువు తెచ్చిన కాన్ఫిగ్‌లో ‘ఎనేబుల్-లోకల్-వేరియబుల్స్’ అని వెతకండి. దానికి ‘ఆల్’ అని విలువ ఇచ్చి ఉంటే ఇక ఏ ఫైల్ విషయంలోనూ అడగదు. అలాంటి వరసను వెంటనే తీసేయండి.

అసలు కాన్ఫిగ్ ఫైలే లిస్ప్ భాషలో రాసిన ఓ ప్రోగ్రామ్. మీకున్న అనుమతులన్నీ దానికీ ఉంటాయి, అడ్డుగోడ ఏదీ లేదు. అది దింపుకునే ప్యాకేజీలూ (ఎడిటర్‌కు జోడించే అదనపు ప్రోగ్రామ్‌లు) అంతే. ఈమ్యాక్స్‌తో పాటే వచ్చే గ్నూ ఎల్పా భాండాగారంలో ప్యాకేజీలకు డిజిటల్ సంతకం ఉంటుంది. అందరూ కలుపుకునే మెల్పా అనే బయటి భాండాగారంలో సంతకాలు లేవు. రచయిత తన కోడ్ ఉంచే రిపాజిటరీ మారగానే కొత్త ప్యాకేజీ దానంతట అదే తయారవుతుంది. ఆ రచయిత ఖాతా ఎవరి చేతికైనా చిక్కిందంటే, తర్వాతి అప్‌డేట్‌తో అది మీ ఆఫీసు ల్యాప్‌టాప్‌లోకి వచ్చేస్తుంది. మెల్పా వాడొద్దని కాదు. ఫలానా ప్యాకేజీ కావాలని తేలాకే మెల్పాను కలపండి. ఈమ్యాక్స్ వెర్షన్ కూడా 30.1 గానీ ఆ తర్వాతది గానీ ఉండేలా చూసుకోండి. అంతకు ముందువాటిలో, కోడ్‌లో తప్పులు వెంటనే చూపే ఫ్లైమేక్ ఆన్‌లో ఉంటే, ఎవరో పంపిన లిస్ప్ ఫైల్‌ను ఊరికే చదవడానికి తెరిచినా అందులోని కోడ్ నడిచే లోపం ఉండేది.

ఇక ఎర్రర్లు. టెర్మినల్‌లో ‘ఈమ్యాక్స్’ తర్వాత ‘డీబగ్-ఇనిట్’ ఆప్షన్ పెట్టి నడిపితే ఎక్కడ ఆగిందో చూపిస్తుంది. ‘కెనాట్ ఓపెన్ లోడ్ ఫైల్’ అని వస్తే ఆ ప్యాకేజీ మీ దగ్గర లేదన్నమాట. ఎన్ని మార్చినా ఫలితం కనబడకపోతే హోమ్ ఫోల్డర్‌లో ‘డాట్ ఈమ్యాక్స్’ అనే విడి ఫైల్ ఉందేమో చూడండి. అది ఉంటే కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ప్రధాన ఫైలైన ఇనిట్ డాట్ ఈఎల్‌ను అసలు చదవదు. నా సలహా అడిగితే మాత్రం ఆ కాన్ఫిగ్ ఫోల్డర్ పేరు మార్చి పక్కన పెట్టి, ఖాళీ ఫైల్‌తో మొదలుపెట్టండి. కంట్రోల్-హెచ్ తర్వాత ‘టీ’ కొడితే వచ్చే పాఠం పూర్తి చేయండి. రోజూ ఇబ్బంది పెడుతున్నదానికే ఒక్కో వరస చేర్చండి.

మొదటి వరస, బ్యాకప్‌లను వేరే ఫోల్డర్‌కు పంపే ‘బ్యాకప్-డైరెక్టరీ-అలిస్ట్’ అయితే మంచిది. లేదంటే, గిట్‌లో ఇప్పటికే చేర్చినవి తప్ప, మీరు మార్చిన ఫైళ్ల పాత ప్రతి పేరు చివర టిల్డా (~) గుర్తుతో అదే ఫోల్డర్‌లో పడుతుంది. గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా అయిన గిట్‌ఇగ్నోర్‌లో, పాస్‌వర్డులు ఉంచే ‘డాట్ ఈఎన్‌వీ’ ఫైల్ పేరు రాసినంత మాత్రాన టిల్డా ఉన్న ప్రతి ఆగదు. ఫైళ్లన్నీ ఒకేసారి చేరిస్తే పాస్‌వర్డులతో సహా రిపాజిటరీలోకి వెళ్లిపోతుంది.

ప్రశ్న: కంట్రోల్-స్పేస్ కొడితే టెక్స్ట్ సెలెక్షన్ మొదలవ్వట్లేదు, కీబోర్డ్ భాష మారుతోంది.

జవాబు: తెలుగు టైపింగ్ కోసం పెట్టుకున్న ఇన్‌పుట్ సాఫ్ట్‌వేర్ ఆ షార్ట్‌కట్‌ను ముందే పట్టేసుకుంటోంది. దాని సెట్టింగుల్లో షార్ట్‌కట్ మార్చండి. లేదా ఈమ్యాక్స్‌లోనే ఉన్న ‘తెలుగు-ఇన్‌స్క్రిప్ట్’ వాడండి, కంట్రోల్-బ్యాక్‌స్లాష్‌తో ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు.

కంట్రోల్ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఎడమ మూల ఎఫ్ఎన్ కీ పెట్టి కంట్రోల్‌ను లోపలికి నెట్టిన కీబోర్డులు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇప్పుడు కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో కుడివైపు కంట్రోల్ పూర్తిగా తీసేసి, ఏఐ సహాయకుణ్ని పిలిచే కీ పెట్టారు. రోజంతా టైప్ చేసి బతికేవాళ్ల వేళ్ల గురించి ఒక్కరూ ఆలోచించలేదు. కొనేసినవాళ్లు క్యాప్స్‌లాక్‌ను కంట్రోల్‌గా మార్చుకోండి, చిటికెన వేలికి హాయి. కొనబోయేవాళ్లు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని అడిగి ఊరుకోకుండా, మూత తెరిపించి రెండువైపులా కంట్రోల్ ఉందో లేదో చూశాకే బేరమాడండి.