నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్, ఆపరేషనా రేడియేషనా అని ఇంట్లో రోజూ గొడవే

ప్రశ్న: మాది అనకాపల్లి. నాన్నగారికి 67, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. రాత్రిళ్లు మాటిమాటికీ బాత్రూంకి లేస్తున్నారని చూపిస్తే పీఎస్ఏ (ప్రోస్టేట్ రక్తపరీక్ష) 11 వచ్చింది, బయాప్సీలో గ్లీసన్ (క్యాన్సర్ కణాలు ఎంత మొండివో చెప్పే లెక్క) 4+3 అన్నారు, పెట్ స్కాన్‌లో ఎక్కడికీ పాకలేదు. సుగర్ ఉంది, గుండెకి స్టెంట్ కూడా వేశారు. ఒక డాక్టర్ రోబో ఆపరేషన్ అన్నారు, ఇంకో డాక్టర్ రేడియేషన్, దాంతోపాటు ఆర్నెల్లు హార్మోన్ ఇంజెక్షన్లు అన్నారు. డల్లాస్‌లో ఉన్న తమ్ముడు రోబోనే చేయించు, డబ్బులు నేను పంపిస్తా అంటాడు. మావయ్యేమో ఈ క్యాన్సర్‌తో ఎవరూ పోరు, ఒంటి మీద కత్తి పెట్టనివ్వొద్దు అంటున్నారు. నాన్న ‘మీ ఇష్టం’ అని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. అమ్మకి ఉత్త వాపు అని చెప్పాం. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఇందులో డాక్టర్లు మాట్లాడారు, తమ్ముడు మాట్లాడాడు, మావయ్య మాట్లాడారు, జబ్బు ఎవరికొచ్చిందో ఆయన మాత్రం రెండు మాటలు అని పడుకున్నారు. నా మట్టుకు నాకు అసలు సమస్య అదే అనిపిస్తోంది. నేను డాక్టర్ని కాదు, ఫలానాది చేయించండి అని చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ ఇలాంటి ఇళ్లతో మాట్లాడీ మాట్లాడీ తెలిసినవి కొన్నున్నాయి.

ముందు మావయ్య మాట సంగతి చూద్దాం. ఆయన అన్నది పూర్తిగా అబద్ధం కాదు. గ్లీసన్ 6, అంటే 3+3 వచ్చినవాళ్లని ఏ మందూ ఇవ్వకుండా పీఎస్ఏ, ఎమ్మారై, మళ్లీ బయాప్సీ అని కనిపెట్టుకుని ఉండటం ఇప్పుడు మామూలే, మంచి పద్ధతే. కానీ నాన్నగారిది 4+3, అంటే కొంచెం మొండి కణాలే ఎక్కువ ఉన్నాయని, పైగా పీఎస్ఏ 10 దాటింది, ఇలాంటిదాన్ని ఊరికే చూస్తూ కూర్చోమని మామూలుగా డాక్టర్లు చెప్పరు. అలాగని రేపే చేరిపోవాలన్న తొందర కూడా లేదు. బయాప్సీ అయ్యాక లోపల వాపు తగ్గాలని సర్జన్లే కొన్ని వారాలు ఆగుతారు. కాబట్టి తమ్ముడు ఫోన్‌లో పెట్టే కంగారుకి మీరు కంగారు పడకండి, ఈ నెల ఆలోచించుకోడానికే వాడుకోండి.

ఇక ఆపరేషనా, రేడియేషనా. బ్రిటన్‌లో 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టుకుని ఉండటం అని మూడు గ్రూపులు చేసి 15 ఏళ్లు చూశారు, 2023లో రిజల్ట్ ఇచ్చారు. ఏ గ్రూపులోనైనా ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు నూటికి ముగ్గురు, అటూ ఇటూగా. వాళ్లలో చాలామందికి మీ నాన్నగారికంటే తక్కువ రిస్కే, అందుకని ఆ లెక్క తెచ్చి ఆయనకి అతికించలేం. కానీ ఆయన స్టేజిలో కూడా ఈ రెండిట్లో ఏదైనా సరైన వైద్యమే, అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు చెప్పారు, ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యట్లేదు, ఎవరికి చేతనైన పని వాళ్లు చెప్పారంతే.

తేడా అంతా తర్వాత పడే ఇబ్బందుల్లో ఉంది. అదే స్టడీలో ఆపరేషన్ అయిన ఆర్నెల్లకి 46 శాతం మంది యూరిన్ లీకేజీకి ప్యాడ్ పెట్టుకుంటున్నారు, ఆరేళ్లకి అది 17 శాతానికి దిగింది, రేడియేషన్ వాళ్లలో ఆరేళ్లకి 4 శాతమే. అంగస్తంభన రెండిట్లోనూ దెబ్బతింటుంది, ఆపరేషన్‌లో వెంటనే, ఎక్కువగా. రేడియేషన్‌లో ఇంకోరకం గొడవలు, మోషన్ అర్జెంటుగా రావడం, కొంతమందికి రక్తం పడటం. ఇంకోటి, ఆపరేషన్ తర్వాత అవసరమైతే రేడియేషన్ ఇవ్వచ్చు, రేడియేషన్ ఇచ్చిన చోట మళ్లీ ఆపరేషన్ అంటే చాలా కష్టం, అందరు సర్జన్లూ ముట్టుకోరు.

ఇప్పుడు నాన్నగారి ఒంటి సంగతి. ఆపరేషన్ అంటే స్టెంట్ కోసం వాడే రక్తం పలచబడే బిళ్లలు ఎన్నాళ్లు ఆపాలి, అసలు ఆపచ్చా అన్నది గుండె డాక్టర్ చెప్పాలి. హార్మోన్ ఇంజెక్షన్ అంటే సుగర్, బరువు పెరగొచ్చు, ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు వస్తాయి, చెమటలు పడతాయి, కోరిక పోతుంది, మనిషి డల్ అయిపోతాడు, గుండె జబ్బు ఉన్నవాళ్లకి ఇంకాస్త జాగ్రత్త కావాలి. ఈ ప్రశ్న ఆ ఇద్దరు డాక్టర్లూ కార్డియాలజిస్ట్‌ని అడిగారా? మీరు రాసినదాన్ని బట్టి అడిగినట్టు లేదు. ముందు అక్కడికెళ్లండి.

రోబో గురించి తమ్ముడికి ఒక మాట చెప్పండి. రోబో తనంతట తను కొయ్యదు, సర్జనే కన్సోల్ (దాన్ని నడిపే మెషిన్) దగ్గర కూర్చుని నడుపుతాడు. రక్తం తక్కువ పోతుంది, ఇంటికి తొందరగా వస్తారు, అది నిజం. కానీ ఆస్ట్రేలియాలో 300 మందికి పైగా పేషెంట్లని మామూలు ఆపరేషన్, రోబో ఆపరేషన్ అని పంచి రెండేళ్లు చూస్తే యూరిన్ కంట్రోల్‌లో, సెక్స్ విషయంలో పెద్ద తేడా కనపడలేదు. మెషిన్ రేటు కంటే ఆ డాక్టర్ ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారు, ఏడాది తర్వాత ఎంతమంది ప్యాడ్ లేకుండా ఉన్నారు అని అడగటం మేలు. విసుక్కోకుండా చెప్పేవాళ్లు దొరుకుతారు.

మీకు అనకాపల్లి నుంచి అగనంపూడి దగ్గరే కదా, అక్కడ టాటా మెమోరియల్ వాళ్ల హోమీ బాబా క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, ఒక ఒపీనియన్ అక్కడ తీసుకోండి. వెళ్లేటప్పుడు రిపోర్టు కాగితాలు ఒక్కటే పట్టుకెళ్తే చాలదు, బయాప్సీ చేసిన ల్యాబ్‌లో స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కలు దాచినవి) అడిగి తీసుకెళ్లండి, వాళ్లు మళ్లీ చూస్తే 4+3 అన్నది 3+4 అవ్వచ్చు, ఇంకా ఎక్కువా అవ్వచ్చు, దాన్ని బట్టి ఇంజెక్షన్ల సంగతి మారొచ్చు. ఎన్టీఆర్ వైద్యసేవ కిందకి ఏమేం వస్తాయో అక్కడి కౌంటర్‌లోనే కనుక్కోండి, డబ్బంతా తమ్ముడి నెత్తిన పడితే నిర్ణయం కూడా వాడిదే అయిపోతుంది. అది వాడి తప్పు కాదు, దూరంగా ఉన్నవాళ్లకి ప్రేమ చూపించడానికి డబ్బూ ఫోనూ తప్ప ఏముంటాయి.

ఇక నాన్నగారు. ఆయన పడుకున్నది చావు భయంతోనే అని మీరనుకుంటుండొచ్చు. కావచ్చు. కానీ ఒకప్పుడు వానలో స్తంభం ఎక్కిన మనిషి, రేపు కూతురింట్లో సోఫా తడుస్తుందేమో, రామాలయం అరుగు మీద పదిమందిలో కూర్చుంటే వాసనొస్తుందేమో అని భయపడుతున్నా ఆ మాట కూతురితో ఎలా అంటారు? మొగతనం సంగతి అసలే అనరు. అందుకని ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు పావుగంట మీరు బయటికొచ్చెయ్యండి. ‘సార్, నాన్నగారు మీతో ఒంటరిగా మాట్లాడాలి’ అని మీరే చెప్పి తలుపు దగ్గరికి వేసి రండి. లోపల ఏం మాట్లాడారని తర్వాత అడక్కండి. ఇంట్లో కూడా ‘ఏది చేయిద్దాం నాన్నా’ అని అడిగితే మళ్లీ మీ ఇష్టం అనే అంటారు. ‘కొన్ని నెలలు ప్యాడ్ పెట్టుకోవడం మీకు కష్టమా, నెలరోజులు రోజూ నీళ్లు తాగి యూరిన్ ఆపుకుని రేడియేషన్‌కి వెళ్లి రావడం కష్టమా’ అని అడగండి, దానికి జవాబు ఆయన దగ్గరే ఉంటుంది.

ఒకవేళ ఆపరేషన్ వైపే మొగ్గితే, యూరిన్ ఆపుకునే కండరాల ఎక్సర్‌సైజు ముందు నుంచే నేర్పించమనండి, అయ్యాక వారం పదిరోజులు యూరిన్ బ్యాగ్ ఉంటుందని కూడా ముందే చెప్పండి. మత్తు దిగి లేచాక చూసి బెదిరిపోతారు లేకపోతే.

అమ్మకి చెప్పెయ్యండి, అదీ నాన్నగారి చేతే చెప్పించండి. ఆమెకి వాపు అని ఎంతకాలం చెప్తారు? రేడియేషన్ గది బయట బోర్డు మీద పెద్దక్షరాలతో రాసే ఉంటుంది. ఆ రాత్రిళ్లు ఆయన ఎన్నిసార్లు లేచారో లెక్క ఆమెకే తెలుసు, ఏదో ఉందని ఆమెకి ఇప్పటికే అనుమానం ఉండి ఉంటుంది, మీరందరూ దాస్తున్నారని తెలిసి ఆమె కూడా నోరు మూసుకుని ఉండొచ్చు.

తమ్ముడి వయసు మీ ఉత్తరంలో రాయలేదు. తండ్రికి ఈ జబ్బు ఉంటే కొడుకుకి వచ్చే అవకాశం మామూలు కంటే సుమారు రెట్టింపు, అందుకని 45 వచ్చేసరికి పీఎస్ఏ టెస్ట్ గురించి అక్కడి డాక్టర్‌తో మాట్లాడమనండి. ఈసారి రోబో అని ఫోన్ చేసినప్పుడు ముందు ఈ విషయం ఎత్తండి.