నవల ముక్కలు ముక్కలుగా ఉంటే ఎట్టా సర్దుకోవాలి?

నవల సగం ఫోన్‌లో, సగం నోటు పుస్తకంలో, మిగిలింది వాట్సాప్‌లో మీకు మీరే పంపుకున్న మెసేజ్‌ల్లో ఉంది, అచ్చుకిచ్చేలోపు దీన్నంతా ఒక దారిలో పెట్టడం ఎట్టా అని కదా మీరు అడిగింది. నాది కావలి. సొంత డబ్బుతో రెండు పుస్తకాలు వేసుకున్నాను, మొదటిదాంట్లో బాగా దెబ్బ తిన్నాను కాబట్టి చెబుతున్నా.

ముక్కలు ఎన్నిచోట్ల ఉన్నా ఫర్వాలేదండీ, వాటిలో అసలు ప్రతి ఏదో మాత్రం ఏ రోజుకారోజు తెలిసుండాలి. నేను బస్సులో ఫోన్‌లో రాస్తా, ఆ రాత్రే లాప్‌టాప్‌లో ఉన్న ఒకే ఒక్క ఫైల్లో అతికించి ఫోన్‌లోది తీసేస్తా, లేకపోతే వారం తర్వాత పాతదాన్నే మళ్లీ దిద్దుతూ కూర్చుంటాం. ఫైల్ పేరు చివర తేదీ వేయండి. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'అసలైన ఫైనల్' అని పెట్టుకున్నారంటే నా గతే. మొదటి నవల్లో కథానాయిక పేరు మధ్యలో రమణమ్మ నుంచి కోటమ్మగా మార్చాను, ఏడో అధ్యాయం మాత్రం పాత ఫైల్లోది వెళ్లింది. 300 కాపీలు అచ్చయి వచ్చాక చూస్తే, పీటల మీద కూర్చుంది కోటమ్మ, తాళి కట్టించుకుంది రమణమ్మ. మా అత్త చదివి, "ఈ రమణమ్మ ఎవరు నాయనా?" అనింది.

రెండోదానికి వంద పేజీల నోటు పుస్తకం ఒకటి కొన్నాను. పాత్రకో పేజీ: పేరు, పుట్టిన సంవత్సరం, ఎవరికి ఏమవుతారు. వెనక నుంచి సంవత్సరాల వరస. ఆ నవల్లో 2004 డిసెంబర్ 26, సునామీ వచ్చిన పొద్దు, పిల్లలు బడికి పోతున్నట్టు రాసేశాను. తేదీ పక్కన వారం రాసుకుందామని క్యాలెండర్ చూస్తే ఆదివారం! మన సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆ రోజు ఎవరూ మర్చిపోరు, అచ్చయ్యుంటే మొహం ఎత్తుకోలేను.

ఇక డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుకి పేజీలు కట్టే పని. మనం ఫోన్‌లో కొట్టేది యూనికోడ్, అంటే ఏ ఫోన్లోనైనా చదవగలిగే అక్షరాలు. చాలామంది డీటీపీ వాళ్లు ఇంకా అనూ అనే పాత పద్ధతి ఫాంట్లలోనే చేస్తారు, అందులోకి మార్చేటప్పుడు అక్కడక్కడా వత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. అందుకని ప్రూఫు, అంటే వాళ్లు దిద్దడానికిచ్చే ప్రతి, మొదటి పేజీ నుంచి మళ్లీ చదవాల్సిందే, అదీ కాగితం మీద, ఎర్ర పెన్నుతో. ఫైల్ వాళ్లకిచ్చిన రోజు నుంచి వాళ్ల దగ్గరుండేదే అసలు ప్రతి, మీ ఫైల్ ముట్టుకోవద్దు. రాత్రి ఏదో మంచి వాక్యం తట్టిందని ఇంట్లో ఫైల్లో దిద్దుకుంటే అది పుస్తకంలోకి రాదు, మనమేమో వచ్చిందనుకుంటాం.

ఐఎస్‌బీఎన్‌కి అంటే పుస్తకం వెనక అట్ట మీద వేసే గుర్తింపు నంబరుకి డబ్బులు కట్టనక్కర్లేదు, ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. కవర్ పని మొదలుకాకముందే దరఖాస్తు పెట్టేయండి.

పేజీలు కూడా ముందే లెక్క చూసుకోండి, ప్రెస్సులో ఒక పెద్ద కాగితం మీద కలిపి అచ్చేసే పేజీల్ని ఫారం అంటారు, ఫారం అంటే 16 పేజీలు, పుస్తకం ఆ లెక్కలో సరిపోవాలి. నాకు 163 తేలాయి. 160లోకి దించడానికి, నేను ముచ్చటపడి నాలుగు పేజీలు రాసుకున్న 'నా మాట' ఒక్క పేజీ అయింది. మిగతా మూడు పేజీలు ఏవని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.