కాన్సులేట్ భవనాన్ని ప్రహరీకి అంత దూరంగా ఎందుకు కడతారు?

తిరుపతి నుంచి వీసా ఇంటర్వ్యూకి హైదరాబాద్ నానక్‌రాంగూడలోని అమెరికా కాన్సులేట్‌కి వెళ్లినవాళ్లకు వచ్చే సందేహమే ఇది. ఖాళీ స్థలమే అక్కడ అసలు రక్షణ. పేలుడు ఒత్తిడి దూరంతో చాలా వేగంగా పడిపోతుంది. దూరం రెట్టింపైతే, దగ్గరి దూరాల్లో దాదాపు ఎనిమిదో వంతుకు. గోడ మందం పెంచినా ఇంత లాభం రాదు.

1998 ఆగస్టు 7న బాంబు దాడి జరిగిన కెన్యా రాజధాని నైరోబీలోని అమెరికా ఎంబసీ రోడ్డుకు మరీ దగ్గరగా ఉండేది. ముందు చిన్న పేలుడు శబ్దం విని చుట్టుపక్కల జనం కిటికీల దగ్గరికి వచ్చారు. తర్వాత లారీ బాంబు పేలి, గాజు పెంకులకు ఎంతోమంది చూపు పోయింది. మరుసటి ఏడాది చట్టంతో కొత్త అమెరికా ఎంబసీలకు 100 అడుగుల దూరం నియమమైంది (మినహాయింపులు ఇస్తారనుకోండి).

గాజు కూడా పొరలు అతికించినదే వాడాలి. దాన్ని ఫ్రేములోకి లోతుగా దించకపోతే పగలకుండానే పలకంతా ఊడి లోపలికొచ్చి పడుతుంది.

వాహనాలకు రెండు గేట్లు ఉంటాయి, మొదటిది మూశాకే రెండోది తెరుస్తారు. మన అలిపిరిలో కొండ కిందే బండ్లు తనిఖీ చేయడంలోని సూత్రమూ ఇదే: ప్రమాదాన్ని దూరంగానే ఆపాలి.