మోకాళ్లు అరిగినవారు కొలెస్ట్రాల్ తగ్గడానికి ఏ వ్యాయామం చేయాలి?

మీ అమ్మగారికి 61 ఏళ్లని, మోకాళ్లు అరిగాయని, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉంది కాబట్టి రోజూ నడవమని డాక్టరు చెప్పినా వీధి చివరిదాకా వెళ్లేసరికి నొప్పితో కూలబడుతున్నారని రాశారు. నాదీ ఇంచుమించు ఆవిడ వయసే, రెండు మోకాళ్లూ అరిగాయి. అందుకే వివరంగా రాస్తున్నాను.

నొప్పిని ఓర్చుకుని నడవమని బలవంతపెట్టకండి. అలాగని మంచానికో కుర్చీకో వదిలేయకండి. కదలకపోతే తొడ కండరాలు సన్నబడి, మోకాలి మీద భారం ఇంకా పెరుగుతుంది. ఒంట్లోని పెద్ద కండరాలు కాసేపు ఆగకుండా పనిచేయాలి, అంతే. అది నడకతోనే జరగాలన్న నియమం ఏదీ లేదు.

నాకు బాగా పనికొచ్చింది ఇంట్లో తొక్కే సైకిల్. ఒంటి బరువు సీటు మోస్తుంది కాబట్టి మోకాళ్లకు తెరిపి. చాలామంది పట్టించుకోనిది సీటు ఎత్తు. పెద్దవాళ్లు పడిపోతామన్న భయంతో సీటును బాగా కిందికి దించుకుంటారు. అప్పుడు మోకాలు మరీ ముడుచుకుని, చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. పెడలు అడుగుకు వెళ్లినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. మా ఫిజియోథెరపిస్టు సీటు పైకి జరిపి బిగించిన రోజు నుంచే తొక్కడం నాకు సులువైంది. బిగువు తక్కువగా పెట్టి అయిదు నిమిషాలతో మొదలుపెట్టించండి. తొక్కుతూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు. ఆ వేగం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క వారానికి కనీసం 150 నిమిషాలు. పది నిమిషాల చొప్పున విడగొట్టినా లెక్కలోకి వస్తుంది.

దానితోపాటు తొడలకు బలం కావాలి. కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. టీవీ చూస్తూ కూడా చేయవచ్చు. దగ్గర్లో ఈతకొలను ఉంటే మరీ మంచిది. ఈత రానక్కర్లేదు, ఛాతీ లోతు నీళ్లలో నడిస్తే చాలు, ఒంటి బరువులో చాలా భాగం నీళ్లే మోస్తాయి. గొంతుకూర్చోవడం, వజ్రాసనం, వ్యాయామం పేరుతో మెట్లెక్కడం మాత్రం వద్దు.

చేశాక కాస్త నొప్పి ఉండటం మామూలే. మర్నాటికీ తగ్గకపోయినా, మోకాలు వాచినా, ఆ మోతాదు ఎక్కువైనట్టే. తగ్గించాలి కానీ మానకూడదు.

ఇక కొలెస్ట్రాల్ సంగతి. వ్యాయామం వల్ల బాగా తగ్గేవి ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో ఉండే ఒక రకం కొవ్వు. మంచి కొలెస్ట్రాల్ అయిన హెచ్‌డీఎల్ కొద్దిగా పెరుగుతుంది. చెడ్డదైన ఎల్‌డీఎల్ మీద ప్రభావం తక్కువ. నా రిపోర్టులోనూ అదే కనిపించింది. రాత్రి అన్నం సగానికి తగ్గించి, సైకిల్ తొక్కడం అలవాటయ్యాక ట్రైగ్లిజరైడ్లు 230 నుంచి 160 దాకా దిగాయి. ఎల్‌డీఎల్ మాత్రం కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకున్నాకే తగ్గింది. అందుకని వ్యాయామం మొదలుపెట్టారు కదా అని డాక్టరు రాసిన మాత్ర ఆపించకండి. ఒకవేళ మాత్ర మొదలయ్యాక తొడలు, భుజాలు రెండు వైపులా పీకుతుంటే అది కీళ్ల నొప్పి కాకపోవచ్చు, డాక్టరుకు చెప్పండి.

ఆవిడ బరువు ఎక్కువైతే కాస్త తగ్గినా మోకాళ్లకు పెద్ద ఉపశమనం. ఒక్క కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

థైరాయిడ్ పరీక్ష చేయించారో లేదో మీరు రాయలేదు. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, ఒళ్లు నొప్పులూ నీరసమూ వస్తాయి. ఇంతవరకూ చేయించకపోతే ముందు ఆ పరీక్ష చేయించండి. షుగరు, గుండె జబ్బు, నడిచేటప్పుడు ఛాతీలో బరువు లాంటివి ఏవైనా ఉంటే సైకిల్ ఎక్కించే ముందే డాక్టరును అడగండి.