ఫోన్‌లో పాఠాలు వింటున్న రమ్యకు

చి. రమ్యకు,

బాబాయి ఆశీస్సులు. ఐఐటీల మాస్టార్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్‌లో లెక్కల కోర్సు తీసుకున్నావని అమ్మ చెప్పింది. 2020 లాక్‌డౌన్‌లో మా డిగ్రీ పిల్లలకు నేనూ ఫోన్‌లోనే పాఠాలు చెప్పాను గనక నాలుగు ముక్కలు రాస్తున్నా.

ముందు డేటా సంగతి. వీడియో 240పీలో పెట్టుకో. మాస్టారి మొహం మసగ్గా కనిపిస్తే నష్టం లేదు, బోర్డు మీద రాసింది చదవలేకపోతే అప్పుడు పెంచుకో. రాత్రి మిగిలిన డేటాతో మర్నాటి పాఠం డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే, సిగ్నల్ పోయినా టెన్షన్ ఉండదు. వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఆపెయ్. మా అన్నయ్య పంపే గుడ్‌మార్నింగ్ పువ్వులకే సగం ప్యాక్ అయిపోతుంది!

అసలు సంగతి మీ క్లాసు గ్రూపు. పీడీఎఫ్‌లు వచ్చి పడుతుంటాయి, సేవ్ చేసుకుంటూ పోతే చదివేసినట్టే అనిపిస్తుంది. అప్పట్లో మా పిల్లల ఫోన్లలో మెమరీ నిండిపోయేది, నోట్సులు మాత్రం తెల్లగానే ఉండేవి. వీడియో ఆపి, లెక్క నువ్వే చేసి, తర్వాత మాస్టారు ఎలా చేశారో చూడు.

డౌటు అడగడం కూడా నేర్చుకోవాలి. "సార్, మూడో యూనిట్ అర్థం కాలేదు" అంటే ఎవరైనా ఏం చెబుతారు? ఒకమ్మాయి తను చేసిన లెక్క ఫొటో తీసి, ఆగిపోయిన లైను చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పంపేది. కింద ఒకటే మాట: "ఇక్కడ మైనస్ ఎందుకొచ్చింది సార్?" అన్నం తింటున్నా సరే, ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని ఆ పిల్లకు వాయిస్ మెసేజ్ పెట్టేవాణ్ణి.

వారం వారం అసైన్‌మెంట్ల జవాబులు టెలిగ్రామ్‌లో తిరుగుతుంటాయి. వాటి జోలికి పోకు. అసైన్‌మెంట్లకు 25 మార్కులే. మిగతా 75 పరీక్ష సెంటర్‌కు వెళ్ళి రాయాలి, అందులో కనీసం 30 వస్తేనే సర్టిఫికెట్.

ఆ పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకుని ఫీజు కట్టాలి, కోర్సులో చేరినంత మాత్రాన సరిపోదు. ఆఖరు తేదీ గ్రూపులో ఎవరో ఒకరు పెడతారులే అని కూర్చోకుండా సైట్‌లో నువ్వే చూసుకో. ఈ కోర్సు క్రెడిట్లు, అంటే డిగ్రీకి లెక్కకొచ్చే పాయింట్లు, మీ కాలేజీ కలుపుతుందో లేదో ఈ వారంలోనే డిపార్ట్‌మెంట్‌లో అడుగు.

ఇట్లు,
బాబాయి