అజాసిటిడిన్ రెండు సైకిళ్లకే పనిచేయలేదనుకోకండి

మీ నాన్నగారికి ఎండీఎస్‌కి (ఎముక మజ్జ రక్తకణాల్ని సరిగా తయారుచేయలేని జబ్బు) అజాసిటిడిన్ మందు రెండు సైకిళ్లు, అంటే రెండు విడతలు, అయినా రక్తకణాల కౌంట్లు పెరగకపోగా ఇంకా తగ్గాయి, మందు ఆపించేయాలా అని అడిగారు. మీ టెన్షన్ అర్థమవుతోందండీ. కానీ ఇప్పుడే ఆపమని అడగకండి.

ఎముక మజ్జలోని మూలకణం ఎర్రకణంగానో తెల్లకణంగానో ఎదగాలంటే కొన్ని జన్యువులు తెరుచుకోవాలి, కొన్ని మూసుకోవాలి. డీఎన్ఏ అక్షరాలు మారవు, వాటికి అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు ఈ పనిలో పెద్ద పాత్ర పోషిస్తాయి. ఆ గుర్తులు పెట్టే డీఎన్ఎంటీ3ఏ, తీసే టెట్2 జన్యువుల్లోనే ఎండీఎస్ రోగుల్లో చాలామందికి లోపం కనిపిస్తుంది.

అజాసిటిడిన్ పాత గుర్తుల్ని నేరుగా చెరిపేయదు. కణం రెండుగా చీలేటప్పుడు కొత్త డీఎన్ఏ పోగు మీదికి గుర్తులు ఎక్కించే ఎంజైమును పట్టేస్తుంది. అలా కణాలు చీలిన కొద్దీ గుర్తులు పలచబడతాయి. ఆలస్యమంతా ఇక్కడే. అందుకే జబ్బు ముదురుతోందని డాక్టరు చెబితే తప్ప, 28 రోజులకొకటి చొప్పున సాధారణంగా కనీసం ఆరు సైకిళ్లు చూస్తారు. మొదట్లో కౌంట్లు పడిపోవడం మామూలే, రక్తం ఎక్కించాల్సి రావచ్చు. జ్వరం 100.4 దాటితే మాత్రం అర్ధరాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.