ఎదుటివాళ్లు పాట పెంచుతూ పోతే ఎక్కడ ఆగాలి?

బ్రిడ్జ్ పేకాటలో పాయింట్లు లెక్కపెట్టడం వచ్చింది, పాట (ఈ రంగు తురుపుగా ఇన్ని ట్రిక్కులు, అంటే పట్లు, తీస్తామని చెప్పడం) మొదలుపెట్టడమూ వచ్చింది, కానీ అవతలివాళ్లు అడ్డుపడి పైపైకి పాడుతుంటే పాస్ అనాలో, డబుల్ (మీ పాట నెగ్గదంటూ పందెం పెంచడం) అనాలో, మనమూ ఇంకో మెట్టు ఎక్కాలో తెలియడం లేదని అడిగారు. బ్రిడ్జ్‌లో నాకు అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడింది ఇదే. పట్టుబడింది అనడం కూడా గొప్పే. నెలకోసారైనా ఇప్పటికీ తప్పు చేస్తాను. కాకపోతే ఏ తప్పు చేశానో ఇప్పుడు ఇంటికి వెళ్లేలోపు తెలిసిపోతుంది.

నేను పదమూడు ముక్కలాట నుంచి ఇటు వచ్చినవాణ్ణి. మీరూ అంతేనని రాశారు కాబట్టి ముందు దాని గురించి చెప్తాను. రమ్మీలో ముక్కలు బాగుంటే ఆడతాం, లేకపోతే మొదట్లోనే ఇరవై పాయింట్లు ఇచ్చుకుని డ్రాప్ అవుతాం. చూసేది మన చెయ్యి, తేల్చేది మనమే. ఆ అలవాటుతో బ్రిడ్జ్ బల్ల దగ్గర కూర్చుంటే, మంచి ముక్కలు పడ్డప్పుడల్లా పాడాలనిపిస్తుంది. ఒకసారి పాడాక కూడా ఆ ముక్కలు మనవైపు చూస్తూనే ఉంటాయి, మళ్లీ పాడమంటాయి. బ్రిడ్జ్‌లో పాట అంటే ఎదురుగా కూర్చున్న మనిషికి, మన పార్ట్‌నర్‌కు, పంపే కబురు. చెప్పిన కబురే రెండోసారి చెబితే ఆయన దాన్ని కొత్త కబురు అనుకుంటాడు.

(1968లో మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీం కోర్టు రమ్మీని నైపుణ్యపు ఆటగా తేలుస్తూ, అందులోని అదృష్టం బ్రిడ్జ్ పంపకంలోని అదృష్టం లాంటిదేనంది. మా ఇంట్లో పెద్దలు పేక చూసి కసురుకున్నప్పుడల్లా నేను ఈ తీర్పు వినిపించేవాణ్ణి. ఎవరూ లొంగలేదు.)

ఇక నాకు కళ్లు తెరిపించిన పంపకం. హైదరాబాద్‌లో ఒక క్లబ్బులో జట్ల పోటీ. నా పార్ట్‌నర్ లెక్కల లెక్చరర్‌గా రిటైరైన పెద్దాయన, అందరం మాస్టారూ అనే పిలుస్తాం. మేము వల్నరబుల్ (అంటే ఆ పంపకంలో గేమ్‌కు బోనసూ, ఓడితే జరిమానా ఎక్కువ), అవతలివాళ్లు కాదు. మాస్టారు ఒక ఇస్పేటుతో పాట మొదలుపెట్టారు. ఆయన పక్కాయన రెండు ఆఠీన్లు అన్నాడు. నా చేతిలో ఇస్పేటు రాజు, జాకీ, ఎనిమిది, అయిదు. ఆఠీను రాణి, జాకీ, నాలుగు. డైమను రాజు, రాణి, ఏడు. కళావరు తొమ్మిది, ఆరు, రెండు. ఆసుకు నాలుగు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి చొప్పున మొత్తం పన్నెండు పాయింట్లు. పాట మొదలుపెట్టిన చేతికి పన్నెండు, పదమూడైనా ఉంటాయి కదా, రెండూ కలిపితే గేమ్‌కు (పెద్ద బోనస్ తెచ్చే పాట; ఇస్పేట్లలో నాలుగు, అంటే ఆరుకు పైన నాలుగు, మొత్తం పది ట్రిక్కులు) కావలసిన పాతిక వచ్చినట్టే. ఇంకేం ఆలోచన అని నేరుగా నాలుగు ఇస్పేట్ల పాట కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

నా ఎడమవైపు ఆయన అయిదు ఆఠీన్లు అన్నాడు. మాస్టారు పాస్. కుడివైపు పాస్. మళ్లీ నా వంతు.

అప్పుడు నేను చేసింది ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. పాట కార్డులుండే బిడ్డింగ్ బాక్సులో ఎర్రటి డబుల్ కార్డు మీద వేలు పెట్టాను, తీశాను. పచ్చటి పాస్ కార్డు ముట్టుకున్నాను, వదిలేశాను. ఒక నిమిషం అలా తడుముకుని అయిదు ఇస్పేట్ల కార్డు లాగాను. (ఇలా తడుముకోవడమే పెద్ద తప్పు. మన తటపటాయింపు నుంచి పార్ట్‌నర్ ఏమీ గ్రహించకూడదని నియమం. మనం ఊగిసలాడితే ఆయన చేతులు కట్టేసినట్టవుతుంది.) ఆఠీన్లు పాడినాయన చిరునవ్వుతో డబుల్ అన్నాడు.

మాస్టారి చేతిలో ఇస్పేటు ఆసు, రాణితో కలిపి అయిదు ముక్కలు, ఒంటి ఆఠీను, జాకీతో మూడు డైమన్లు, కళావరు రాజు, రాణి, జాకీ, అయిదు. చక్కని చెయ్యి. ఇద్దరి దగ్గరా కలిపి లేనివి మూడు ఆసులు: ఆఠీను, డైమను, కళావరు. ఆ మూడూ పోయాయి. పది ట్రిక్కులు నల్లేరు మీద నడక, పదకొండోది బ్రహ్మదేవుడు దిగివచ్చినా రాదు. ఒకటి తక్కువ, డబుల్ మీద 200 మైనస్.

జట్ల పోటీలో ఒకే పంపకాన్ని రెండు టేబుళ్లలో ఆడతారు, అవతలి టేబుల్‌లో ఇవే ముక్కలు. అక్కడ మా జట్టువాళ్లు కూడా అయిదు ఆఠీన్ల దాకా పాడారు. నా ముక్కలు పట్టుకున్న మనిషి డబుల్ చేశాడు. ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు, రంగుకొక ట్రిక్కు చొప్పున నాలుగు పోయి, రెండు తక్కువ. అక్కడ 300 పోయాయి, నా దగ్గర 200. మొత్తం 500 తేడా, అంటే పదకొండు ఇంప్‌లు (జట్ల పోటీలో స్కోరు తేడాను మార్చి లెక్కించే పాయింట్లు). నేను ఎర్ర కార్డు మీద నుంచి వేలు తీయకపోతే ఈ బోర్డు (పంపకం) సమంగా తేలేది.

ఆట అయ్యాక టీ తాగుతూ మాస్టారు ఒకే ప్రశ్న అడిగారు. "నీ ఆఠీను రాణి, జాకీ ఎవరికి పనికొచ్చాయి?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన వివరించారు. వాళ్లు రెండు ఆఠీన్లు పాడి, అయిదు దాకా వెళ్లారంటే ఆ రంగు వాళ్లదే. అందులో నాకే మూడు ముక్కలున్నాయి కాబట్టి ఆయన దగ్గర ఒకటో, అసలు లేకపోవడమో. ఇస్పేట్లు తురుపుగా మేము ఆడితే నా రాణీ జాకీల మూడు పాయింట్లు గాలికి పోయినట్టే, వాటివల్ల ఒక్క ట్రిక్కూ రాదు. అదే ఆఠీన్లు తురుపుగా వాళ్లు ఆడితే, ఆ రాణీ జాకీలే కచ్చితంగా ఒక ట్రిక్కు. నా పన్నెండు పాయింట్లు మా ఆటలో తొమ్మిది, వాళ్ల ఆటను పడగొట్టడంలో పన్నెండు. పైగా నాలుగు, మూడు, మూడు, మూడుగా పడ్డ చెయ్యి. ఏ రంగులోనూ ముక్కలు అయిపోయి తురుపు వేసే అవకాశమే లేదు. అలాంటి చెయ్యి పట్టుకుని అయిదో మెట్టు ఎక్కడం ఎందుకు?

ఆ తర్వాత కాగితం రుమాలు మీద లెక్క వేశారు. ఫ్రాన్స్‌కు చెందిన జఁ-రెనె వెర్న్ చెప్పిన సూత్రం ఒకటుంది. మన తురుపు రంగులో మన ఇద్దరి ముక్కలూ, వాళ్ల తురుపు రంగులో వాళ్లిద్దరి ముక్కలూ కూడితే వచ్చే సంఖ్య, రెండు పక్షాలూ ఎవరి రంగులో వాళ్లు ఆడితే తీయగల ట్రిక్కుల మొత్తానికి దాదాపు సమానం. మాకు ఇస్పేట్లు తొమ్మిది, వాళ్లకు ఆఠీన్లు తొమ్మిది అనుకుందాం. మొత్తం పద్దెనిమిది. మాకు పదకొండు వచ్చే పంపకమైతే వాళ్లకు వచ్చేవి ఏడే, అంటే నాలుగు తక్కువ. డబుల్ మీద మాకు 800. అయిదు ఇస్పేట్లు ఆడి గెలిస్తే వచ్చేది 650. మాకు పదే వస్తే వాళ్లకు ఎనిమిది. డబుల్ చేస్తే మాకు 500 ప్లస్, అయిదు ఇస్పేట్లు పాడితే మైనస్. ఏ వైపు నుంచి చూసినా డబుల్‌దే పైచేయి. ఆ రోజు నిజంగా మొత్తం పద్దెనిమిది కాక పంతొమ్మిది వచ్చాయి. అయినా సమాధానం మారలేదు. సూత్రం ఒకటి అటూ ఇటూ తప్పుతూనే ఉంటుంది, దాన్ని వేదవాక్కుగా తీసుకోకండి.

నా మొదటి తప్పు మాత్రం అయిదు ఇస్పేట్లు కాదు, అంతకుముందు పాడిన నాలుగు. వాళ్లు అడ్డుపడ్డాక అలా ఒక్కసారిగా దూకితే చాలా జోడీల భాషలో దానర్థం "ఇస్పేట్లు బోలెడు ఉన్నాయి, పాయింట్లు లేవు" అని. నా దగ్గర పాయింట్లు ఉన్నాయి. అలాంటప్పుడు వాళ్ల రంగే, అంటే మూడు ఆఠీన్లు పాడాలి. ఆఠీన్లు ఆడతానని కాదు, "మీ ఇస్పేట్లకు నా దగ్గర గట్టి మద్దతు ఉంది" అని. అలా చెప్పి ఉంటే ఈ పంపకం మాదేనని మాస్టారికి తెలిసేది, అయిదు ఆఠీన్ల దగ్గర ఏం చేయాలో ఆయనే తేల్చేవారు. తప్పుడు కబురు పంపాను కాబట్టే ఆయన పాస్ అన్నారు, భారం నా మీద పడింది, నేను దాన్ని ఇంకో తప్పుతో మోశాను.

కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది. పైకి పాడబోయే ముందు నేను ఇప్పుడు నన్ను అడుగుకునేది పాయింట్ల గురించి కాదు. నా చేతిలో ఉన్నదాన్ని ఇదివరకే చెప్పేశానా? చెప్పేసి ఉంటే, నా ముక్కలు ఎంత ముద్దొచ్చినా మిగతాది పార్ట్‌నర్‌కు వదిలేస్తాను. చెప్పని విశేషం ఏదైనా ఉంటే, అనుకున్నదానికంటే ఒక తురుపు ఎక్కువ ఉండటమో, ఒక రంగు అసలే లేకపోవడమో, అప్పుడే ఇంకో మెట్టు. ఆ తర్వాత వాళ్ల రంగులో నా బొమ్మలు ఎన్ని ఉన్నాయో చూస్తాను. ఎక్కువగా ఉంటే డబుల్ వైపు, లేకపోతే పైకి. అయిదో మెట్టు దగ్గర అనుమానం వస్తే వాళ్లనే ఆడనివ్వడం మేలని పాత ఆటగాళ్లు చెప్పే మాట నా అనుభవంలో చాలాసార్లు నిజమైంది.

ఎదుటివాళ్లు నోరు మెదపని పాటలో మాత్రం ఇంత పిసినారితనం వద్దు. జట్ల పోటీలో మీరు వల్నరబుల్ అయితే, పదింట నాలుగుసార్లు గెలిచేలా ఉన్నా గేమ్ పాడేయవచ్చు. 500 బోనస్ ముందు ఒక ట్రిక్కు తక్కువైతే పోయే 100 ఏపాటి?

యాభై దాటాక మొదలుపెట్టాను, ఇక వస్తుందా అని కూడా రాశారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల జంటల విభాగంలో మన దేశానికి స్వర్ణం తెచ్చిన ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్‌లకు అప్పటికి 60, 56 ఏళ్లు. వాళ్లలా కాకపోయినా క్లబ్బులో పరువు దక్కించుకునేంత వస్తుంది. అన్నిటికంటే ముందు ఒకే పార్ట్‌నర్‌తో ఆర్నెల్లు ఆడండి, ఏ పాటకు ఏమిటి అర్థమో ఇద్దరూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. మా పుస్తకంలో మొదటి పేజీ "వాళ్లు అడ్డుపడితే" అన్నదే.

పోయిన నెలలో దాదాపు ఇలాంటి చోటే నా వంతు వచ్చింది. అవే అయిదు ఆఠీన్లు, నా చేతిలో ఆ రంగు రాణి. ఈసారి తడుముకోకుండా ఎర్ర కార్డు పెట్టాను. వాళ్లు పదకొండు ట్రిక్కులూ తీసుకున్నారు, 650 పోయాయి. నేను మాస్టారి ముఖం వైపు చూశాను. ఆయన స్కోరు రాసుకుంటూ "డబుల్ సరైనదే" అని తర్వాతి బోర్డు తీశారు.